కెమెరా బ్యాగు దొంగల పాలు కాకుండా ఎలా కాపాడుకోవాలి?

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే చాలు, ఫోటోగ్రాఫర్లు అడిగే ప్రశ్నలు రెండే రెండు. "పెళ్లిలో బ్యాగు పోకుండా ఏం చేయాలన్నా?" అనేది ఒకటి. "పోయిందన్నా, ఫోన్ మాదిరిగా నంబరు ఇచ్చి బ్లాక్ చేయించొచ్చా?" అనేది రెండోది. నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి, ఎక్కడివాళ్లైనా ఇవే అడుగుతున్నారు. అందుకే మొత్తం ఒకచోట, వరసగా రాస్తున్నాం.

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాం. బ్లాక్ చేయించలేరు. ఫోన్‌కు ఐఎంఈఐ నంబరు ఉంటుంది, అది నెట్‌వర్క్‌కు కనపడుతుంది, కాబట్టి కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్ ద్వారా ఆపించవచ్చు. కెమెరాకు సిమ్ ఉండదు. పోయాక అది మీదేనని గట్టిగా చెప్పేది దాని సీరియల్ నంబరే. అందుకే తాళాల కన్నా ముందు నంబర్ల పుస్తకం గురించి చెబుతాం.

ఇంకో మాట. మెడలో వేలాడుతున్న కెమెరాను లాక్కుని పరిగెత్తే దొంగ అరుదు. కింద పెట్టిన బ్యాగును నింపాదిగా భుజాన వేసుకుని పోయేవాడే ఎక్కువ. ఈ కింద చెప్పేవాటిలో చాలా భాగం బ్యాగు మీద ఎవరి కన్నూ లేని ఆ రెండు నిమిషాల గురించే.

కావలసినవి

- 100 పేజీల నోటు పుస్తకం ఒకటి
- యూవీ పెన్ను ఒకటి, దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి ఒకటి
- నల్ల గాఫర్ టేపు ఒక చుట్ట
- మీటరు పొడవున్న ఇనుప గొలుసు, 4 లేదా 5 మిల్లీమీటర్ల మందం లింకులది, దానికి మంచి తాళం
- నడుముకో, లోపలి జేబులోనో పట్టే మెమరీ కార్డుల పర్సు
- బ్లూటూత్ ట్రాకర్లు 2, వాటికి సీఆర్ 2032 బ్యాటరీలు
- గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), తేమ కొలిచే చిన్న మీటరు
- స్టూడియో ఉన్నవాళ్లకు 10 లేదా 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు 4

అన్నీ ఒకేసారి కొనలేకపోతే పుస్తకం, గొలుసు, కార్డుల పర్సుతో మొదలుపెట్టండి. ట్రాకర్ ఆఖర్న కొన్నా నష్టం లేదు.

1. నంబర్ల పుస్తకం రాయండి

ఒక్కో వస్తువుకు ఒక్కో పేజీ. కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, కొన్న షాపు, బిల్లు నంబరు, ఇచ్చిన డబ్బు రాయండి. ఆపైన ఆ వస్తువు మీద ఉన్న గుర్తులు రాయండి: "ఎడమ మూల రబ్బరు లేచింది, హాట్ షూ (ఫ్లాష్ తగిలించే గాడి) పక్కన గీత, లెన్స్ హుడ్ మీద పగులు". కేసు నడిచేటప్పుడు ఈ గీతలు, పగుళ్లు నంబరుకు తోడుగా నిలుస్తాయి.

నంబరు ఎక్కడుంటుంది? బాడీకి (లెన్సు కాకుండా కెమెరాకు) అయితే అడుగున, ట్రైపాడ్ స్క్రూ బిగించే చోటి చుట్టుపక్కల వెతకండి. అక్కడ లేకపోతే తిరిగే స్క్రీన్‌ను బయటికి లాగి దాని వెనక చూడండి. లెన్సుకు మౌంట్ (బాడీకి తగిలించే చోటు) దగ్గర గానీ, గొట్టం అడుగు వైపు గానీ ఉంటుంది. ఫ్లాష్‌కు కాలి దగ్గర, డ్రోన్‌కు బ్యాటరీ తీస్తే కనపడే గూట్లో చూడండి. బాడీ పేజీతో ఆగిపోయేవాళ్లే ఎక్కువ. దొంగ బాడీని ఒకరికి, లెన్సును ఇంకొకరికి అమ్ముతాడు కాబట్టి లెన్సుల నంబర్లు కూడా అంతే ముఖ్యం.

ఇక్కడ జరిగే తప్పులు:

పెట్టె మీది బార్‌కోడ్ కింద ఉన్న 13 అంకెలను సీరియల్ నంబరు అనుకుని రాసుకుంటారు. అది ఆ మోడల్ పెట్టెలన్నిటికీ ఒకటే. సున్నాకు, ఇంగ్లిషు 'ఓ' అక్షరానికి, ఎనిమిదికి, 'బీ'కి తేడా పోతుంది. కాబట్టి చేత్తో రాసినా సరే, నంబరుకు దగ్గరగా ఫోన్‌తో ఫోటో కూడా తీయండి. షాపు బిల్లు థర్మల్ కాగితం అయితే ఏడాదిలో తెల్లబడుతుంది. ఈరోజే ఫోటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు అమ్మినవాళ్ల చేత సీరియల్ నంబరు వేయించి, సంతకం చేయించిన కాగితం తీసుకోండి. అది లేకపోతే మీ కెమెరా పోయినప్పుడు అది మీదే అని చెప్పడానికి ఆధారం ఉండదు. అది ఇంతకుముందు వేరేవాళ్ల దగ్గర పోయిన వస్తువైతే అనుమానం మీ మీదికే వస్తుంది. దొంగ సొత్తని తెలిసి దగ్గర పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం.

సరిగా రాశారా లేదా చూసుకోవడం ఇలా: ఆ బాడీతో తీసిన ఒక రా ఫైలును (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫోటో ఫైలును) కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరవండి. చాలా కెమెరాలు ఫోటోలోనే బాడీ నంబరును, కొన్ని లెన్సు నంబరును కూడా రాస్తాయి. పుస్తకంలో ఉన్న నంబరు, ఫైలులో ఉన్న నంబరు కలిస్తే మంచిదే. కొన్ని మోడళ్లలో బయటి నంబరు ఒకటి, లోపలి నంబరు ఒకటి ఉంటుంది. అప్పుడు రెండూ రాయండి. మదర్‌బోర్డు మార్పిస్తే లోపలి నంబరు మారే అవకాశం ఉంది, సర్వీసు నుంచి రాగానే మళ్లీ చూడండి. ఆ రా ఫైలును జాగ్రత్తగా దాచండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఈ వివరాలన్నీ పోతాయి, కాబట్టి దాచాల్సింది అసలు ఫైలునే.

పుస్తకం కెమెరా బ్యాగులో పెట్టకండి. బ్యాగుతో పాటే పోతుంది. పుస్తకం ఇంట్లో ఉండాలి, దాని ఫోటోలు మెయిల్‌లో ఉండాలి, ఒక కాపీ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఉండాలి.

2. మీ గుర్తు వేయండి

యూవీ పెన్నుతో మీ పొడి అక్షరాలు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు రాయండి. బ్యాటరీ మూత లోపల, లెన్స్ హుడ్ లోపల, స్ట్రాప్ మడతలో రాస్తే చెరిగిపోవడం ఆలస్యమవుతుంది. లెన్సు అద్దం మీద, బంగారు రంగు కాంటాక్టుల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెన్ను తగలనివ్వకండి. ఆరు నెలలకోసారి చీకట్లో యూవీ టార్చి వేసి చూడండి, వెలిసిపోతే మళ్లీ రాయండి. ఆధార్ నంబరు రాయొద్దు.

ట్రైపాడ్, లైట్ స్టాండు, కేజ్ (కెమెరా చుట్టూ బిగించే చట్రం) లాంటి ఇనుప, అల్యూమినియం సామాన్ల మీద పేరు చెక్కించేయండి. బాడీ మీద చెక్కించడం మాత్రం మేము చెప్పం. అమ్మేటప్పుడు ధర పడిపోతుంది, వారంటీతో పేచీ వస్తుంది.

కెమెరా మెనూలో ఓనర్ పేరు, కాపీరైట్ వివరాలు రాసే చోటు ఉంటుంది. అక్కడ పేరు, ఫోన్ నంబరు పెట్టండి. దొంగ చెరపగలడు. అయితే మెనూ అంత లోతుకు వెళ్లి చెరిపే ఓపిక అందరికీ ఉండదు, ఆ పేరు ప్రతి ఫోటోలోకీ ఎక్కుతుంది.

3. బ్యాగు చూడగానే తెలియకుండా చేయండి

కెమెరాతో వచ్చిన స్ట్రాప్ మీద కంపెనీ పేరు, కొన్నిటి మీద మోడల్ పేరు కూడా పెద్ద అక్షరాలతో ఉంటుంది. పది బారల దూరం నుంచే అది ఎంత ఖరీదో దొంగకు చెప్పేస్తుంది. తీసేసి సాదా స్ట్రాప్ వేయండి. బ్యాగు మీది లోగోను నల్ల దారంతో కుట్టేయొచ్చు, టేపు అంటించొచ్చు. అంతకన్నా మంచిది, మెత్తటి గదుల అర మాత్రం విడిగా కొని మామూలు కాలేజీ బ్యాగులో దించడం. అయితే జిప్పు బయటి వైపు కాకుండా వీపు వైపు తెరుచుకునే బ్యాగు దొరికితే తీసుకోండి. నెల్లూరు రొట్టెల పండుగ లాంటి తోపులాటలో వెనక నిలబడినవాడు జిప్పు లాగినా మీకు తెలియదు.

జిప్పుకు చిన్న తాళం వేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. బాల్ పెన్ను మొనతో జిప్పు పళ్ల మధ్య గుచ్చితే తాళం అలాగే ఉంటుంది, జిప్పు విడిపోతుంది. మళ్లీ రన్నర్ లాగితే మూసుకుపోతుంది కూడా, కాబట్టి పోయిన సంగతి కూడా తర్వాత గానీ బయటపడదు. జిప్పు తాళం పిల్లల చేతుల కోసమే.

4. పెళ్లి పందిట్లో

బ్యాగులు ఎక్కువగా పోయేది ఇక్కడే. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు ఫోటోగ్రాఫర్లిద్దరూ, వీడియో అతనూ, లైట్ పట్టుకున్న కుర్రాడూ నలుగురూ స్టేజీ మీదే ఉంటారు. అందరి కళ్లూ పెళ్లికొడుకు చేతుల మీదే. బ్యాగు సోఫా వెనక ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన కొత్త మనిషి ఎవరి తరఫువాడో ఎవరూ అడగరు. మగపెళ్లివారు ఆడపెళ్లివారి మనిషనుకుంటారు, వాళ్లు వీళ్ల మనిషనుకుంటారు.

చేయాల్సింది:

ఎ) మండపానికి చేరగానే, లైట్లు దించకముందే, బ్యాగు ఎక్కడ పెట్టాలో చూసుకోండి. తాళం ఉన్న గది ఇస్తారా అని పెళ్లివారిలో ఒక పెద్ద మనిషిని అడగండి: "బాబాయ్, మా సామాన్లకు తాళం ఉన్న గది ఒకటి చూపించండి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకుంటా." బుకింగ్ రాసుకునేటప్పుడే ఈ మాట చెప్పి ఉంచితే ఆ రోజు మొహమాటం ఉండదు. పెళ్లికూతురి గది పనికిరాదు. అక్కడ నగలుంటాయి కాబట్టి కాపలా ఉంటుందని అనుకుంటారు గానీ, ఆ గదిలోకి రోజంతా చుట్టాలు వస్తూ పోతూనే ఉంటారు.

బి) గది లేకపోతే గొలుసు. కిటికీ గ్రిల్లుకు గానీ, మండపం స్తంభానికి గానీ కట్టండి. గొలుసు బ్యాగు పైపిడిలోంచి, రెండు భుజం పట్టీల్లోంచి, జిప్పు రన్నర్ల రంధ్రాల్లోంచి పోవాలి. షామియానా గుంజకు కట్టొద్దు. గుంజను కొంచెం పైకి లేపితే గొలుసు కిందనుంచి జారి వస్తుంది. పెళ్లి సోఫాకు, కుర్చీకి కట్టడం కూడా అలాంటిదే, వాటిని మధ్యలో ఎవరో ఒకరు జరుపుతారు.

సి) బ్యాగు బాధ్యత ఒక్కరికే అప్పగించండి. "అందరం చూస్తుందాం" అనుకుంటే ఎవరూ చూడరు. లైట్ కుర్రాడికి అప్పగిస్తే తలంబ్రాలప్పుడు అతను స్టేజీ మీద ఉంటాడు, కాబట్టి ఆ పది నిమిషాలకు గొలుసు తప్పదు. కుర్రాడికి ఒక నియమం చెప్పండి: "తమ్ముడూ, అన్న లెన్స్ తెమ్మన్నాడని ఎవరొచ్చి అడిగినా ఇవ్వొద్దు. నేను వస్తాను, లేదంటే ఫోన్ చేస్తాను." ఆ మాట చెప్పి సామాను పట్టుకుపోయేవాళ్లున్నారు.

డి) భోజనాలకు ఒకే బంతికి అందరూ కూర్చోవద్దు. ఇద్దరు తిని వచ్చాక ఇద్దరు వెళ్లాలి.

ఇ) తెల్లవారుజాము ముహూర్తాలకు వేరే జాగ్రత్త కావాలి. మూడింటికో నాలుగింటికో తంతు ముగిశాక ఒళ్లు తెలియకుండా నిద్ర వస్తుంది. తలుపు గడియ పెట్టకుండా, బ్యాటరీలు గోడ ప్లగ్గులకు వదిలేసి పడుకుంటారు. ఛార్జర్లన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి, ఆ బాక్సు మీ తల దగ్గర ఉంచుకోండి. బ్యాగు పట్టీలో చెయ్యి దూర్చి పడుకోండి.

ఎఫ్) సర్దేటప్పుడు కెమెరా బ్యాగు కారులోకి ఆఖర్న ఎక్కాలి, ఇంటి దగ్గర ముందు దిగాలి. చాలామంది తిరగేసి చేస్తారు. ఖరీదైనదని బ్యాగును ముందు డిక్కీలో పెట్టి, డిక్కీ తెరిచే ఉంచి, లైట్ల వైర్లు చుట్టడానికి లోపలికి వెళ్తారు.

లెక్క చూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందు బ్యాగు తెరిచి పైనుంచి ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. సర్దాక అదే ఫోటో పక్కన పెట్టుకుని గదులు పోల్చండి. పైకి చదవండి: "బాడీలు 2, లెన్సులు 4, ఫ్లాష్‌లు 2, ట్రిగ్గర్లు 2, బ్యాటరీలు 8, కార్డులు 6". లెక్క తప్పితే అక్కడే తేలుతుంది. రెండు రోజుల తర్వాత స్టూడియోలో తేలితే మండపం సీసీటీవీ అడగడానికి కూడా ఆలస్యమైపోతుంది.

5. కార్డులు కెమెరాతో ఉండనివ్వకండి

కెమెరా పోతే డబ్బు పోతుంది. పెళ్లి ఫోటోలు పోతే ఆ పెళ్లి మళ్లీ చేయించలేం. రెండు కార్డులు పట్టే బాడీ ఉంటే మెనూలో రెండో స్లాటు రెండో కాపీ రాసేలా పెట్టండి. నికాన్‌లో బ్యాకప్ అని, కెనాన్‌లో రికార్డ్ టు మల్టిపుల్ అని ఉంటుంది. ఓవర్‌ఫ్లో అనే ఎంపిక ఉంటే మొదటి కార్డు నిండాకే రెండోదానికి వెళ్తుంది, అది కాపీ కాదు. పరీక్ష సులువే: పది ఫోటోలు తీసి, ఒక కార్డు తీసేసి, రెండో కార్డులో ఆ పదీ ఉన్నాయో లేదో చూడండి.

తలంబ్రాలు అయిపోగానే ఒక కార్డు తీసి పర్సులో వేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి, ఖాళీ కార్డు ఎక్కించండి. ఒక్కటే స్లాటు ఉన్నవాళ్లు పెద్ద కార్డు ఒకటి వాడేకంటే 32 జీబీ కార్డులు నాలుగు వాడి తంతు తంతుకూ మార్చుకోవడం మేలు.

6. పండుగలు, బీచి, పక్షుల చెరువులు

మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేటప్పుడు ఫోటోలకు నీళ్లలోకి దిగాల్సి వస్తుంది. బ్యాగు గట్టున పెట్టి దిగకండి. ఆ రోజు బ్యాగే వద్దు. ఒక బాడీ, ఒక జూమ్ లెన్సు, రెండు బ్యాటరీలు, రెండు కార్డులు చాలు. స్ట్రాప్ ఒక భుజం మీద వేలాడేయకుండా మెడమీదుగా అడ్డంగా వేసుకోండి. పెంచలకోన, జొన్నవాడ ఉత్సవాలకూ ఇదే.

మైపాడు, కొత్తపట్నం బీచిల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లకు వెళ్లినప్పుడు అలల దగ్గరికి అందరూ పోతారు, ఇసుకలో బ్యాగు ఒంటరిగా ఉంటుంది. అక్కడ గొలుసు కట్టడానికి ఏమీ ఉండదు. ఒక మనిషి కూర్చోవాల్సిందే.

ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిన నేలపట్టుకు, పులికాట్‌కు మన దగ్గర నుంచి చలికాలంలో చాలామంది వెళ్తారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఫ్లెమింగోలు కనపడగానే కారు రోడ్డు పక్కన ఆపి, అద్దాలు దించి ఉన్నా పట్టించుకోకుండా గట్టు దిగుతారు. పెద్ద లెన్సు చేతిలో ఉంటుంది, మిగతా బ్యాగు వెనక సీట్లో. అద్దాలు ఎత్తి లాక్ చేయడానికి పది సెకన్లు చాలు, ఆలోపు ఫ్లెమింగో ఎక్కడికీ పోదు.

7. కారు, బస్సు, రైలు

కారులో బ్యాగు డిక్కీలోకే. అయితే డిక్కీలో పెట్టే పని బయలుదేరేటప్పుడే చేయండి. కావలి దగ్గరో సింగరాయకొండ దగ్గరో హైవే మీద టీకి ఆగి, అక్కడ నలుగురి ముందు సీట్లోంచి తీసి డిక్కీలో పెడితే చూసేవాళ్లకు చెప్పినట్టే. రాత్రి తిరుగు ప్రయాణంలో టీకి ఆగితే ఒకరు కారులోనే కూర్చోవాలి. "టైర్లో గాలి పోయింది", "ఆయిల్ కారుతోంది", "మీ డబ్బులు కింద పడ్డాయి" అని ఎవరైనా చెబితే దిగే ముందు నాలుగు తలుపులూ లాక్ చేయండి. చొక్కా మీద ఏదైనా పడినా అంతే, ముందు బ్యాగు మీద చెయ్యి వేయండి, చొక్కా తర్వాత.

ఆర్టీసీ బస్సులో కింది డిక్కీలో వేయొద్దు. పై రాక్‌లో పెట్టక తప్పకపోతే మీ తల మీద కాకుండా ఎదురు వరసలో, మీకు కనపడే చోట పెట్టండి. కాళ్ల మధ్య పెట్టి పట్టీని మోకాలికి చుట్టుకోవడం అన్నిటికన్నా నమ్మకం.

రైల్లో కింది బెర్తు అడుగున ఇనుప రింగులుంటాయి, గొలుసు వాటికే వేయాలి. ఏసీ బోగీ అయినా సరే. కెమెరా బ్యాగు మాత్రం తల కింద దిండుగా పెట్టుకోవడం ఉత్తమం. అర్ధరాత్రి ఒంగోలు, నెల్లూరు, గూడూరు లాంటి స్టేషన్లలో బండి ఆగినప్పుడు దిగేవాళ్లతో కలిసి బ్యాగు దిగిపోతుంది. మీ స్టేషన్ కాకపోయినా బండి ఆగే వేళలకు అలారం పెట్టుకోండి.

పోయిందని తెలిస్తే 139కి ఫోన్ చేయండి. ప్రయాణం ఆపి దిగాల్సిన పని లేదు. ఎఫ్‌ఐఆర్ ఫారం టీటీఈ దగ్గర గానీ, గార్డు దగ్గర గానీ, బండిలో ఉన్న రైల్వే పోలీసుల దగ్గర గానీ తీసుకుని నింపి ఇవ్వవచ్చు.

8. ఇల్లు, స్టూడియో

దొంగ ఇంట్లోకి వస్తే ముందు వెళ్లేది బీరువా దగ్గరికి. బంగారం పక్కన కెమెరా పెడితే రెండూ ఒకేసారి దొరుకుతాయి. కెమెరా వేరే గదిలో ఉండాలి. అద్దాల షోకేసులో, బయటికి కనపడే అరలో పెట్టొద్దు.

మన తీరప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. దొంగలకు భయపడి కెమెరాను బ్యాగులో పెట్టి, బ్యాగును గాలి ఆడని అరలో పెట్టి తాళం వేస్తారు. రెండు నెలల తర్వాత తీస్తే లెన్సులో సాలెగూడు లాంటి ఫంగస్. బ్యాగు స్పాంజీ తేమను పీల్చి పట్టుకుంటుంది. కాబట్టి బ్యాగులో దాచకండి. పచ్చళ్లకు వాడేలాంటి గట్టి మూత డబ్బాలో, 10 లీటర్లకు 200 గ్రాముల చొప్పున సిలికా జెల్ వేసి, తేమ మీటరు పెట్టి, ఆ డబ్బాను తాళం ఉన్న చోట పెట్టండి. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. 60 దాటితే ఫంగస్‌కు దారి, 30కి దిగితే రబ్బరు ఎండిపోతుంది. జెల్ రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, వంటకు వాడే పెనం మీద వేడి చేయకండి. నారింజ రంగుది కొనుక్కోవడమే మంచిది.

డ్రై క్యాబినెట్ (తేమ పట్టకుండా కెమెరాలు దాచే అలమర) ఉన్నవాళ్లు దాని తాళాన్ని నమ్ముకోకండి. 30 లీటర్ల క్యాబినెట్‌ను ఒక మనిషి ఎత్తుకుని పోగలడు. దాన్ని గోడకు బిగించిన ఇనుప పెట్టెలోనో, బోల్టులతో బిగించిన బీరువాలోనో పెట్టాలి. బీరువా వెనక రేకుకు నాలుగు రంధ్రాలు వేసి యాంకర్ బోల్టులతో గోడకు బిగించండి. ఇటుక గోడలో బోల్టు సిమెంటు అతుకులోకి కాకుండా ఇటుకలోకి దిగాలి. బిగించాక రెండు చేతులతో ముందుకు లాగి చూడండి, కదిలితే మళ్లీ చేయించండి.

స్టూడియో షట్టరుకు మధ్య తాళం ఒక్కటే ఉంటే జాకీతో ఒక పక్క లేపేస్తారు. రెండు పక్కలా కూడా తాళాలుండాలి. తాళం కొంకి బయటికి వేలాడకుండా రేకు కప్పు ఉండే రకం తీసుకోండి, కట్టర్ పట్టడానికి చోటుండదు.

సీసీటీవీ పెట్టించినవాళ్లు చేసే తప్పులు మూడు. కెమెరాను పైకప్పు మూలన పెడతారు, దొంగ టోపీ తప్ప ముఖం పడదు. ఒకటైనా గుమ్మం దగ్గర ముఖం ఎత్తులో ఉండాలి. డీవీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టె) బల్ల మీద కనపడేలా ఉంటుంది, దొంగ దాన్ని కూడా పట్టుకుపోతాడు. డీవీఆర్‌లో తేదీ, సమయం తప్పుగా ఉంటాయి, కేసులో అదొక తలనొప్పి. హార్డ్ డిస్కు లెక్క కూడా చూసుకోండి: ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల) వేగంతో రాస్తుంటే రోజుకు దాదాపు 21 జీబీ. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు 11 రోజులకు మించి రాదు. కరెంటు పోతే ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టండి.

9. ట్రాకర్

ఐఫోన్ ఉన్నవాళ్లకు ఎయిర్‌ట్యాగ్, ఆండ్రాయిడ్ ఉన్నవాళ్లకు గూగుల్ ఫైండ్ హబ్‌తో పనిచేసే ట్యాగులు దొరుకుతాయి. ట్యాగులో జీపీఎస్ ఉండదు. పక్కన ఎవరిదైనా ఫోన్ ఉంటేనే అది ఎక్కడుందో తెలుస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో బాగా పనిచేసేది ఉదయగిరి కొండల్లో గంటల తరబడి మాట్లాడకపోవచ్చు.

బయటి జేబులో వేయకండి. అడుగు స్పాంజీ కింద, వెల్క్రో గోడ లోపల దాచండి. చుట్టూ ఇనుము ఉంటే సిగ్నల్ పోతుంది. ఇంకొకరి ట్యాగు తన వెంట వస్తోందని దొంగ ఫోన్‌కు కూడా హెచ్చరిక వెళ్తుంది, కాబట్టి మీకు దొరికే సమయం తక్కువ. చోటు కనపడగానే స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకు పంపండి. మీరే ఆ ఇంటి తలుపు కొట్టడానికి వెళ్లొద్దు. వాళ్లెంతమందో, వాళ్ల చేతిలో ఏముందో మీకు తెలియదు. బ్యాటరీ ఏడాదికోసారి మార్చాలి. నెలకోసారి బ్యాగు పక్కింట్లో పెట్టి ఫోన్‌లో కనపడుతోందో లేదో చూడండి.

10. అద్దెకు ఇచ్చేటప్పుడు, తెలియని బుకింగ్ వచ్చినప్పుడు

అద్దెకు తీసుకుని తాకట్టు పెట్టేయడం, అమ్మేయడం ఎక్కువైంది. ఆధార్ జిరాక్స్ తీసుకుని సరిపెట్టకండి. కార్డు మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేసి, వచ్చిన ఫోటో, ఎదురుగా ఉన్న మనిషి ఒకటేనా చూడండి. కెమెరా సీరియల్ నంబరు కనపడేలా అతని చేతిలో పెట్టి ఫోటో తీయండి. సీరియల్ నంబర్లు, తిరిగివ్వాల్సిన తేదీ, గంట రాసిన కాగితం మీద సంతకం చేయించండి. తిరిగి ఇవ్వకపోతే అది దొంగతనం కింద రాదు, నమ్మకద్రోహం, మోసం కింద వస్తుంది. మామూలు దొంగతనం బీమా అలాంటివాటికి డబ్బు ఇవ్వదు, అందుకే కాగితం అంత ముఖ్యం.

తెలియని నంబరు నుంచి ఊరి బయటికి షూట్‌కు రమ్మని పిలిస్తే మరింత జాగ్రత్త కావాలి. 2024లో విశాఖ ఫోటోగ్రాఫర్ ఒకరిని షూట్ పేరుతో పిలిపించి, రావులపాలెం దగ్గర కెమెరాల కోసం చంపేశారు. అడ్వాన్స్ ఫోన్‌పేలో వేశారు కదా అని నమ్మకండి. శుభలేఖ పంపమనండి, మండపానికి ఫోన్ చేసి ఆ తేదీన ఆ పెళ్లి ఉందా కనుక్కోండి, ఇంట్లో పెద్దవాళ్లతో వీడియో కాల్ మాట్లాడండి. ఒక్కరే వెళ్లొద్దు. లైవ్ లొకేషన్ ఇంటికి పెట్టి, వాళ్లు పంపిన కారు కాకుండా మీ బండిలో వెళ్లండి. అక్కడ ఎవరైనా బెదిరించి అడిగితే కెమెరా ఇచ్చేయండి.

11. బీమా

ఇంటికి భారత్ గృహ రక్ష ఉంది కదా, కెమెరాకు వస్తుందనుకుంటారు. ఆ పాలసీ అసలు రూపంలో అగ్నిప్రమాదం, తుపాను లాంటివి జరిగాక ఏడు రోజుల్లోపు, వాటి వల్ల జరిగిన దొంగతనానికే వర్తిస్తుంది. మామూలు దొంగతనానికి వేరే కవరు కావాలి. బయటికి తీసుకెళ్లే వృత్తి సామానుకు ఆల్ రిస్క్ (మినహాయింపులు తప్ప అన్ని నష్టాలకూ వర్తించే) తరహా పాలసీ అడగండి. సంతకం పెట్టే ముందు ఇవి అడిగి కాగితం మీద చూపించమనండి: పెళ్లి మండపంలో పోతే వస్తుందా? మనిషి లేని కారులోంచి పోతే వస్తుందా? తలుపు పగలగొట్టిన ఆనవాళ్లు ఉంటేనే ఇస్తారా? అద్దెకిచ్చినప్పుడు పోతే ఏమిటి?

ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ రాయించొద్దు. 4 లక్షల సామానును 2 లక్షలకే రాయిస్తే, 1 లక్ష వస్తువు పోయినప్పుడు 50 వేలే చేతికొస్తాయి.

12. పోయాక మొదటి గంటలో

మండపంలో అయితే ముందు గేటు దగ్గరికి ఒకరిని పంపండి, మైకులో చెప్పించండి, 112కి ఫోన్ చేయండి. సీసీటీవీ డీవీఆర్‌ను ఎవరూ ఆపకుండా చూడండి. పెళ్లి వీడియో ఫుటేజీ కూడా తిరగేయండి, స్టేజీ మూలల్లో తిరిగిన కొత్త ముఖం అందులో దొరకొచ్చు. బ్యాగులో ఫోన్ కూడా ఉంటే దాన్ని వెంటనే బ్లాక్ చేయించండి.

ఫిర్యాదులో "కెమెరా బ్యాగు ఒకటి" అని రాయొద్దు. వస్తువు వారీగా మోడల్, సీరియల్ నంబరు, విలువ, గుర్తులు రాయండి. పుస్తకం ఇక్కడే పనికొస్తుంది. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. బీమా కంపెనీకి ఆరోజే మెయిల్ పెట్టండి, ఎఫ్‌ఐఆర్ కోసం ఆగకండి.

తర్వాత సీరియల్ నంబర్లు, కెమెరా ఫోటోలు ఒంగోలు, నెల్లూరు, గుంటూరు, చెన్నై సెకండ్ హ్యాండ్ షాపులకు, ఫోటోగ్రాఫర్ల గ్రూపులకు పంపండి. ఆన్‌లైన్ అమ్మకాల్లో మీ మోడల్‌ను కొన్ని వారాలు వెతుకుతూ ఉండండి. అనుమానం ఉన్న ప్రకటన కనపడితే కొనేవాడిలా మాట్లాడి అడుగు నంబరు ఫోటో అడగండి. నంబరు కలిస్తే కలవడానికి మీరు వెళ్లకుండా స్టేషన్‌కు చెప్పండి.

దొరికితే పోలీసులు కోర్టుకు అప్పగిస్తారు. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, మధ్యంతర కస్టడీకి పిటిషన్ వేస్తే పూచీ మీద ఇస్తారు. బిల్లు, సీరియల్ నంబరు పేజీ జత చేయండి. చేతికి రాగానే సంతకం చేసే ముందు ప్రతి నంబరూ పుస్తకంతో పోల్చండి, లెన్సు మారి ఉండొచ్చు. కెమెరాలో కార్డు ఉంటే ఫార్మాట్ చేయకండి. మధ్యలో దాన్ని వాడినవాళ్ల ఫోటోలు అందులో ఉంటే అది సాక్ష్యం, దర్యాప్తు అధికారికి అలాగే ఇవ్వండి.